మిరపకాయకున్న మర్యాద

అమ్మా,
మాది వాడరేవు. వయసు ఇరవై ఆరు. ఫైన్ ఆర్ట్స్ చదివి ఇంటి దగ్గరే బొమ్మలు వేస్తున్నాను. ఇప్పటిదాకా నాలుగే అమ్మాను. కిడ్నీ రోగుల సాయం కోసం వచ్చే నెల ఒక సంస్థ చిత్రాల వేలం పెడుతోంది. తెల్లారుజామున రేవులో వలల్లోంచి చేపలు దులుపుతున్న ఆడవాళ్ల బొమ్మ ఒకటి నలభై రోజులు కూర్చుని వేశాను; కేన్వాసుకి, రంగులకే నాలుగు వేలయింది. అది ఇమ్మంటున్నారు. పాట వంద రూపాయల నుంచి మొదలవుతుందట. డబ్బంతా వాళ్లకి, నాకు శాలువా, పేరు. కేలెండర్‌గా కూడా వేసుకుంటారట. నన్నడక్కుండానే నాన్న ‘ఇస్తుందిలెండి’ అని మాటిచ్చేశారు. ఇదేంటంటే ‘కూర్చుని గీసేదేగా, పుణ్యమన్నా వస్తది’ అంటున్నారు. ఆయనా చిరాకులోనే ఉన్నారు. పర్చూరు పొలంలో పండిన మిర్చికి ధర నచ్చక ముప్పై టిక్కీలు, అంటే బస్తాలు, గుంటూరు ఏసీ గిడ్డంగిలో పెట్టొచ్చారు. నేను ఇవ్వనంటే స్వార్థమవుతుందా?
— ఒక చిత్రకారిణి

అమ్మాయీ,
ఆ ముప్పై టిక్కీల కోసమే నీకు జవాబు రాస్తున్నాను. నువ్వు మాటవరసకి రాశావు గానీ అసలు సంగతి అక్కడే ఉంది. బొమ్మ ఇవ్వొచ్చు, మానొచ్చు, బదులుగా చేతనైనంత డబ్బివ్వొచ్చు. ఏది చేసినా నువ్వు స్వార్థపరురాలివి కావు. నిలదీయాల్సింది నాన్నగారిని. కొనేవాడు చెప్పిన రేటు గిట్టక, ఏసీకి అద్దె కట్టి మరీ కాయ దాచుకున్న మనిషి, కూతురి నలభై రోజుల పనిని వంద రూపాయల పాటకి ఎలా ఒప్పుకున్నారు? మిర్చి విషయంలో ఆయన చేసింది సబబే. విత్తనం, మందులు, కోత కూలి లెక్కేసుకుని ఇంతకు తగ్గితే ఇవ్వనన్నారు. ఆ లెక్క నీ బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఏమైంది?

నిజానికి రైతుకన్నా నీకే ఎక్కువ నష్టం. మిర్చికి మార్కెట్ యార్డు రేటని ఒకటుంటుంది, పొద్దున పేపర్లో వస్తుంది. ఒక రైతు అవసరం కొద్దీ చవగ్గా అమ్ముకున్నా ఆ రేటు పడిపోదు. వచ్చే ఏడు పంటా కొత్తదే, ధరా కొత్తదే. ఇప్పుడిప్పుడే అమ్ముకుంటున్న చిత్రకారిణికి అలాంటి రేటెక్కడుంది? కిందటి బొమ్మ ఎంతకి పోయిందో అదే రేటు. రెండు వేలకి పోయిందనుకో, రేపు పదిహేను వేలంటే ‘మొన్న రెండు వేలకే ఇచ్చావుగా’ అంటారు. ఇలాంటి పాటలో కూర్చున్నవాళ్లలో కొందరు రోగుల మీద జాలితో పెంచుతారు, కొందరు చవగ్గా దొరుకుతుందని చూస్తారు. ఎటైనా అది బొమ్మకి కట్టిన విలువ కాదు, కానీ నీ పేరుకి మాత్రం అంటుకుపోతుంది. ‘పేరొస్తుంది’ అన్న మాటని అందుకే నేను నమ్మను.

సాయం చేసేచోట లెక్కలేమిటంటారేమో. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ అంతటివాళ్లే జోలె పట్టారని గుర్తు చేస్తారేమో. పట్టారు. అప్పటికి వాళ్లు తమ రంగంలో స్థిరపడినవాళ్లు. ఇచ్చింది తమ పేరు, తమ సమయం. నిన్నడక్కుండా నీ తరఫున తలూపిన చోట దానం చేసింది నాన్నగారు, ఖర్చు నీది. చేసినవాళ్ల కష్టాన్ని లెక్కలోంచి తీసేయడం చట్టాలకీ అలవాటే. అమెరికాలో 1969 నుంచి చిత్రకారుడు సొంత బొమ్మ దానమిస్తే రంగులు, కేన్వాసు ఖర్చుకే పన్ను మినహాయింపు. మన ఆదాయపు పన్ను చట్టంలో అయితే మినహాయింపు డబ్బుగా ఇచ్చిన విరాళానికే, బొమ్మకి అదీ లేదు. దూరమెందుకు, మీ పక్కనే చీరాల, వేటపాలెం మగ్గాల ఇళ్లు చూడు. నూలు కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లే, మజూరీ మాత్రం చీర లెక్కన మగ్గం మీద కూర్చున్నాయన చేతికొస్తుంది. ఆడపిల్ల ఇంట్లో కూర్చుని చేసేది పనిలా కనపడదు మన పెద్దలకి. కొడుకు అదే నలభై రోజులు ఏ కంపెనీలోనో పనిచేసి ఉంటే ఆ జీతాన్ని అతన్నడక్కుండా ఎవరికైనా రాసిచ్చేవారా? ప్రేమ లేక కాదు, ఇదీ పనే అనుకోవడం వాళ్లకి అలవాటు లేక. ఆ అలవాటు నేర్పాల్సింది ఇంట్లో వాళ్లే, మెత్తగానే.

ఇవ్వాలని నీకే అనిపిస్తే ఇవ్వు, కానీ కాగితం మీద. కనీస ధర నువ్వు చెప్పు. అంతకి రాకపోతే బొమ్మ ఇంటికి రావాలి. వచ్చినదాంట్లో సగం నీది. బొమ్మ అమ్మినా కాపీరైట్ నీదే, రాసిచ్చేస్తే తప్ప. కేలెండర్ వేయాలంటే వేరే అనుమతి, వేరే డబ్బు. కొన్నవాళ్ల పేరు, చిరునామా తప్పకుండా తీసుకో. ఆ బొమ్మ మళ్లీ పది వేలకి మించి చేతులు మారితే అందులో వాటా అడిగే హక్కుని 1994లో మన కాపీరైట్ చట్టంలో చేర్చారు. ఎవరి దగ్గరుందో తెలియకపోతే ఎవరినడుగుతావు? ఈ కాగితం ముందు నాన్నగారికి చూపించు, ఏసీ వాళ్లిచ్చిన రసీదు పక్కన పెట్టి. ఆయనకి బేరం సంగతి నాకన్నా బాగా తెలుసు, సంస్థవాళ్లతో మాట్లాడటానికి ఆయన్నే తీసుకెళ్లు. పాటకి వారం ముందుదాకా వాళ్లు సంతకం పెట్టకపోతే బొమ్మని మీ ఇంటి గోడకే ఉండనివ్వు.