వృత్తలేఖిని బిగువు చూచి కొనుము

రాజమహేంద్రవరము

చిరంజీవి మేనకోడలికి,

నీవు తొమ్మిదవ తరగతికి వచ్చితివనియు, బడులు తెరచులోపల కావలసిన సామగ్రిని ఈ పర్యాయము నీవే ఎన్నుకొనుటకు మీ అమ్మ అంగీకరించినదనియు నీ ఉత్తరమువలన తెలిసి మిక్కిలి సంతసించితిని. ఏమేమి కొనవలెనని అడిగితివి గదా. చిరకాలము ఉన్నత పాఠశాలలో గణితము బోధించినవాడను గనుక నాకు తోచినది కొంచెము విపులముగనే వ్రాయుచున్నాను. ఏ వస్తువునైనను, అది చేయవలసిన పనిని అంగడిలోనే చేయించి చూచి, పిమ్మట కొనుము.

ముందుగా కంపాసు పెట్టె. మూతమీది రంగుల బొమ్మను విడిచి, లోపలి వృత్తలేఖినిని చేతికి తీసికొనుము. నేను బోధించునాడు పదవ తరగతిలో, వృత్తమునకు వెలుపలనున్న బిందువునుండి స్పర్శరేఖలు గీయుమని అడిగెడివారు. ఆ బిందువును కేంద్రముతో కలిపి, ఆ రేఖాఖండమునకు లంబసమద్విఖండన రేఖను నిర్మించి, మధ్యబిందువు కేంద్రముగా, మొదటి వృత్తకేంద్రముగుండ పోవునట్లు మరియొక వృత్తము గీచి, అది మొదటి వృత్తమును ఖండించిన తావులకు వెలుపలి బిందువునుండి రేఖలు సాగింపవలెను. ఇన్ని చాపములు గీయునపుడు వృత్తలేఖిని కాళ్లు వెండ్రుకవాసి సడలినను, తుదకు రేఖ వృత్తమును తాకక దానిని కోసికొనిపోవును; పద్ధతి సమస్తము నెరిగిన బిడ్డ సైతము తనకు లెక్క రాలేదని క్రుంగిపోవును. అట్టి బిడ్డలను నేనెందరినో చూచితిని. ఆ తప్పంతయు సడలిన మరదే. కావున కాళ్లను అయిదు సెంటీమీటర్లు విప్పి కాగితముపై వృత్తము గీచి, అదే గీతపై మరి రెండుమారులు త్రిప్పి చూడుము. మూడు చుట్లును ఒక్క గీతగా కనబడినచో, వెల కొంచెము హెచ్చైనను దానినే కొనుము.

స్కేలునకును పరీక్ష కలదు. రెండు బిందువులను కలుపుచు సన్నని గీత గీచి, స్కేలును గీతకు ఆవలివైపునకు త్రిప్పిపెట్టి, అదే అంచుతో ఆ బిందువులను మరల కలుపుము. రెండు గీతల నడుమ సందు కనబడెనా, ఆ అంచు వంకరయని తెలియును. మూలమట్టముల లంబకోణమును కూడ ఇట్లే త్రిప్పి పరీక్షింపవచ్చును. నిర్మాణములకు హెచ్ పెన్సిలును, తక్కిన వ్రాతకు హెచ్‌బి పెన్సిలును చాలును.

నోటుబుక్కులలో దారముతో కుట్టినవే మేలు. బల్లపై చదునుగా తెరచుకొనును, నడిమి పుటలు ఊడిరావు. నీవు నిత్యము వాడు కలముతోనే ఒక మూల రెండు మాటలు వ్రాసి, పుట త్రిప్పి చూడుము. సిరా ఆవలికి దిగినచో ఆ కాగితము నీకు పనికిరాదు. కలము విషయమున నాకు మా ఊరి అభిమానము కొంత కలదు. గాంధీమహాత్ముని స్వదేశీ ప్రబోధమున కోసూరి వెంకటరత్నముగారు ఇచ్చట 1932లో కలముల నిర్మాణమునకు పూనుకొనిరి. వారి కలము నందుకొని మహాత్ముడు 1935లో కృతజ్ఞతతో లేఖ వ్రాసెను. ఇంటివద్ద పాళీకలముతో నిదానముగా వ్రాసిన చేతికి అక్షరము కుదురుకొనునని నా నమ్మకము. అయినను పరీక్షలో ఏ కలముతో వ్రాయదలచితివో, సంవత్సరమంతయు దానితోనే ఎక్కువగా వ్రాయుట మంచిది.

పెద్దనాన్నగారి అబ్బాయి వాడిన అట్లాసు ఇంటనున్నదని వ్రాసితివి. అది 2014కు పూర్వపుదైనచో అందు తెలంగాణము వేరుగా కానరాదు. 2019లో కేంద్రపాలిత ప్రాంతమైన లడఖ్ కూడ వేరుగా ఉండదు. 2022లో మారిన మన ఆంధ్రప్రదేశ్ జిల్లాల హద్దులును ఉండవు. పటములలో స్థలములను గుర్తింపవలసిన దానవు గనుక క్రొత్తదానినే తీసికొనుము.

సంచి మాట మరువకుము. సంచి బరువు విద్యార్థి బరువులో పదవవంతు మించరాదని కేంద్రప్రభుత్వము 2020లో ప్రకటించిన విధానమున నిర్దేశించినది. నీవు నలువది కిలోలుందువేమో. అట్లయిన పుస్తకములు, నీళ్ల సీసాతో కూడ నాలుగు కిలోలకు మించనీయకుము. వెడల్పైన పట్టీలు రెండును గల తేలికసంచిని ఎంచుకొని, ఆనాటి పీరియడ్లకు కావలసిన పుస్తకములనే అందుంచుము.

ఇంగ్లీషు నిఘంటువు కొనవలదు. నాయొద్దనున్న శంకరనారాయణగారి నిఘంటువునకు క్రొత్త అట్ట వేయించితిని. ఈ వారములోనే టపాలో పంపుదును. గ్రాఫు పుస్తకము వేరుగా కావలెనా యన్నది మీ లెక్కల ఉపాధ్యాయిని నడిగి, పిమ్మట తీసికొనుము.

ఇట్లు,
నీ మేనమామ