పోలీసులపై ఫిర్యాదు

కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న న్యాల్‌కల్ మండలంలో ఒక రైతు గట్టు తగాదా తీర్చమని ఠాణాకు వెళ్తాడు. ఠాణాలోనే అన్యాయం జరిగితే అతడు ఎవరితో మొరపెట్టుకోవాలి?

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సమాధానమిచ్చింది. ఆ కేసు వేసినది స్వయంగా డీజీపీగా పనిచేసిన అధికారి కావడం గమనార్హం. ప్రతి జిల్లాలోనూ విశ్రాంత జిల్లా న్యాయమూర్తి అధ్యక్షతన పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ ఉండాలని, డీఎస్పీ హోదా వరకు గల అధికారులపై వచ్చిన ఫిర్యాదులను అది విచారించాలని న్యాయస్థానం ఆదేశించింది. నిర్బంధంలో మరణం, తీవ్రగాయం మాత్రమే కాదు, బెదిరించి డబ్బు గుంజడం, భూమిని ఆక్రమించడం కూడా దాని పరిధిలోనివే. దాని సిఫారసులను ప్రభుత్వం పాటించి తీరాలి. పల్లెవాసికి కావలసినదీ ఇదే. నిందితుని పైఅధికారి కాక, పోలీసు శాఖతో సంబంధం లేని వ్యక్తి అతని గోడు వినాలి.

ఆచరణ వేరు. న్యాల్‌కల్ 2016 వరకు మెదక్ జిల్లాలో ఉండేది. ఆ మెదక్ పట్టణంలో దొంగతనం అనుమానంతో పోలీసులు తీసుకుపోయిన ఒక దినకూలీ 2023 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో మరణించాడు. పోలీసులు హింసించారన్న ఆరోపణ వచ్చింది. పత్రికలో వచ్చిన వార్త ఆధారంగా తెలంగాణ హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. అప్పటికి సుప్రీంకోర్టు ఆదేశం వెలువడి పదహారేళ్ళు దాటింది.