చెరపరాని చిట్టాలో పరాయి వ్రాతలు

కొత్త అంచు గీచినవాడు మొదట భయపడునది నకలుకే. నమూనా చీర బజారునకు పోయిన కొద్ది దినములకే అదే బుటా పవర్‌లూము గుడ్డపై దిగుచుండును. డిజైనును బిట్‌కాయిను బ్లాక్‌చెయినులో ఎక్కించినచో ఇక ఎవరును కాజేయలేరని చెప్పి రుసుము పుచ్చుకొనువారు ఇప్పుడు కలరు. ఈ మాటలో నిజమెంతయో మన సభ్యులు పైకము చెల్లింపక ముందే తెలిసికొనుట మంచిది. ఆ నాణెము కొనవచ్చునా, మానవలెనా అను చర్చతో మాకిచ్చట పనిలేదు.

బ్లాక్‌చెయిను అనగా ఒక చిట్టా. షావుకారు చిట్టా ఒక్కచోట నుండును. ఇది వేలకొలది కంప్యూటర్లలో ఒకే తీరున నుండును. ఇంచుమించు 10 నిమిషములకొక పుట దీనికి చేరును. ఆ పుటనే బ్లాకు అందురు. ప్రతి పుటలోను ముందటి పుట యొక్క గుర్తుసంఖ్య వ్రాయబడియుండును గనుక, నడుమ ఒక్క అక్షరము మార్చినను ఆపై పుటలన్నియు పొసగకపోవును. మగ్గముపై క్రింద ఒక పోగు తప్పినచో పైన నేసినదంతయు విప్పవలసివచ్చును గదా! ఇక్కడ ఆ విప్పుట ఎవరి తరమును కాదు.

ఈ చిట్టా జమాఖర్చుల కొరకు పుట్టినది. అయినను పరాయి వ్రాత మొదటి పుటలోనే కలదు. 2009 జనవరి 3 నాటి తేదీ గల ఆ పుటలో, సతోషి నకమోటో అను మారుపేరు గల నిర్మాత, ఆనాటి లండన్ టైమ్స్ పత్రికలోని ఒక శీర్షికను చేర్చెను. బ్యాంకులను ప్రభుత్వము రెండవమారు ఆదుకొనుటను గూర్చిన శీర్షిక అది. ఆ తేదీకి ముందుగా ఈ పుట తయారుకాలేదనుటకు అదే సాక్ష్యము.

తరువాత కొందరు, చిరునామాలును తాళపు సంఖ్యలును ఉండవలసిన చోట తమ వ్రాతలను కూర్చసాగిరి. 2013లో బిట్‌కాయినును వివరించు మూలపత్రమునే ఇట్లు ముక్కలు చేసి చిట్టాలో దాచిరి. కాని ఇందొక చిక్కు కలదు. అట్టి ఖాతా నిజమైనదో కాదో కంప్యూటరునకు తెలియదు. కావున ఎన్నటికిని ఖర్చుగాని ఆ నిలువలను అది తన నిలువల జాబితాలో మోయుచునే యుండవలెను. ఈ బరువు తప్పించుటకే 2014 మార్చిలో వచ్చిన బిట్‌కాయిను కోర్ 0.9 కూర్పులో ఓపీ-రిటర్న్ అను ప్రత్యేకమైన గడిని 40 బైట్ల మేరకు వాడుకొననిచ్చిరి. తరువాత దానిని 80 బైట్లకు పెంచిరి. తెలుగులో అక్షరమునకు మూడు బైట్లు, గుణింతమునకును ఒత్తునకును మరల వేరుగా పట్టును గనుక, 40 బైట్లలో మన ఇంటిపేరు, ఊరిపేరు వ్రాయునప్పటికే గడి నిండును!

2021 నవంబరులో టాప్‌రూట్ అను మార్పు వచ్చినది. సంతకములుండు భాగమునకు అంతకు ముందు 2017 నుండియే కూలి నాలుగవ వంతు. ఈ రెండింటిని ఆసరా చేసికొని 2023 జనవరిలో ఆర్డినల్స్ అను పద్ధతి బయలుదేరి, బొమ్మలను బొమ్మలుగానే చిట్టాలో ఎక్కించినది. 2023 ఫిబ్రవరి 1న ఒక్క బొమ్మయే ఇంచుమించు 4 మెగాబైట్ల పుటను నింపివేసినది. 2025 అక్టోబరులో వచ్చిన 30వ కూర్పు ఓపీ-రిటర్న్ పరిమితిని లక్ష బైట్లకు పెంచగా, జమాఖర్చుల చిట్టాను గోడౌనుగా మార్చుచున్నారని ఒక పక్షమువారు గట్టిగా ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదని మా తలంపు. ఒకడు ఒకమారు కూలి చెల్లించి పెట్టిన సామానును వేలమంది కలకాలము ఊరకే కాచుచుండవలెను. చిట్టా మొత్తము ఇప్పటికే 600 గిగాబైట్లు దాటినది. 2018లో జర్మనీ పరిశోధకులు వెదకి చూడగా దాదాపు 1,600 ఫైళ్లు దొరకినవి. వానిలో చట్టవిరుద్ధమైన అశ్లీలములును కలవు. వాటిని తీసివేయు దారి లేదు.

ఇక మన పనికి వచ్చు భాగము. బొమ్మను ఎక్కింపనక్కరలేదు, దాని గుర్తుసంఖ్య చాలును. షా-256 అను లెక్క ఎంత పెద్ద ఫైలునైనను 32 బైట్ల సంఖ్యగా మార్చును. జాకార్డు అట్టలను చూచి బుటాను నేయవచ్చును. ఈ సంఖ్యను చూచి మాత్రము బుటాను తెలిసికొనలేరు. బొమ్మలో ఒక్క చుక్క మారినను సంఖ్య పూర్తిగా మారిపోవును. 2016లో పీటర్ టాడ్ వెలువరించిన ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ అను పద్ధతి, అనేకుల సంఖ్యలను జతలు జతలుగా కలుపుచు తుదకు ఒకే సంఖ్యగా చేసి చిట్టాలో వ్రాయును. అందువలన వాడుకొనువారికి ఖర్చు లేదు. దీనికై రుసుము అడుగువారు దేనికి అడుగుచున్నారో ముందుగా విచారించుడు.

దీనివలన ఋజువగునది ఒక్కటే: ఈ ఫైలు ఈ తేదీ నాటికి ఉన్నది. గీచినది ఎవరో అది చెప్పదు. ఇతరుని డిజైనును దొంగిలించినవాడు మీకంటె ముందుగా ముద్ర వేయించుకొన్నను చిట్టా కాదనదు. నకలును ఆపు హక్కు 2000 సంవత్సరపు డిజైనుల చట్టము క్రింద నమోదుతో వచ్చును. ఆ హక్కు మొదట 10 ఏండ్లు, పొడిగించుకొన్నచో మరి 5 ఏండ్లు నిలుచును. దరఖాస్తుకు ముందే లోకమునకు వెల్లడియైన డిజైనుకు ఆ చట్టము నమోదు ఈయదు. చిట్టాలో బొమ్మను బొమ్మగా పెట్టినచో ఎవడైనను చూడగలడు గనుక, రక్షణకని పెట్టిన ఖర్చే నమోదునకు అడ్డము రాగలదని మా భయము. కావున నమోదు కోరువారు బొమ్మను అందులో పెట్టరాదు. ముందు దరఖాస్తు, తరువాతనే బజారు.

గుర్తుసంఖ్యకు ముద్ర వేయించుకొనువారు అసలు ఫైలును, ముద్రతో వచ్చిన ఋజువు ఫైలును రెండు వేర్వేరు చోట్ల భద్రపరచవలెను. వాట్సాప్‌లో ఫోటోగా పంపి తిరిగి దింపుకొన్న బొమ్మ పనికిరాదు. అది దారిలో నలిగి చిన్నదగును. కంటికి తేడా కనబడకున్నను దాని గుర్తుసంఖ్య వేరు.