కందెన

‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అని తెలుగువారి సామెత. ఆముదంలో కాల్చిన గడ్డి మసిని కలిపి ఇరుసుకు పూసేదే కందెన. అది ఎండిపోతే బండి కీచుమని మొరపెట్టుకొనేది. బండివాడు దిగి పూసేవాడు. అమరకోశం చక్రపు నడిభాగాన్ని నాభి అని, అంచును నేమి అని, ఇరుసు కొనన ఉండే చీలను అణి అని పేర్కొంది. అంత చిన్న చీలకూ ప్రత్యేకమైన పేరుండడం గమనింపదగినది.

నేటి కారులో నాభిని హబ్ అంటారు. అందులో ఇమిడిన బేరింగు వల్లనే చక్రం తేలికగా తిరుగుతుంది. రెండు ఉక్కు వలయాలు, వాటి నడుమ గుండ్లు లేదా రోలర్లు, కాస్త గ్రీజు: నిర్మాణం ఇంతే. బండి ఇరుసులో గుండ్లను అమర్చే పద్ధతికి వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ 1794లో పేటెంటు పొందాడు. శంఖువు ఆకారపు రోలర్లకు 1898లో పేటెంటు పొందిన హెన్రీ టిమ్కెన్ అమెరికాలో గుర్రపు బండ్లు చేసినవాడే.

అరిగిన బేరింగు మొదట చెవికే తెలుస్తుంది. వేగంతోపాటు తుమ్మెద రొద వంటి ధ్వని హెచ్చుతుంది. టైరు చప్పుడైతే తారు రోడ్డు నుండి సిమెంటు రోడ్డుకు రాగానే మారుతుంది. బేరింగు రొద అంతగా మారదు. కారు ఎడమకు తిరిగినప్పుడు భారం కుడి చక్రాలపై పడుతుంది. అప్పుడు రొద పెరిగితే దోషం సాధారణంగా కుడివైపున ఉంటుంది. ఈ రొదను పాటల పెట్టె శబ్దంలో ముంచివేసేవారు కొందరున్నారు! వదులైన బేరింగు వేడెక్కి బిగుసుకుపోవచ్చు. చివరకు చక్రమే ఊడిపోవచ్చు.

పరీక్షకు కారును చదునైన నేలపై నిలిపి, మిగిలిన చక్రాలకు అడ్డుపెట్టి, జాకీతో ఎత్తి, తప్పక స్టాండుపై నిలపాలి. చక్రాన్ని పైన, కింద పట్టుకొని ఊపాలి. వదులు కనిపిస్తే మరొకరిచేత బ్రేకు తొక్కించాలి. అప్పుడు వదులు పోతే లోపం బేరింగుదే. పోకుంటే సస్పెన్షన్ కీళ్లను చూడాలి. తరువాత స్ప్రింగుపై చేయి ఉంచి చక్రాన్ని తిప్పితే గరుకుదనం వేళ్లకు తెలుస్తుంది.

పాత నమూనా కార్లలో రోలర్ బేరింగును విప్పి, కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, కొత్త గ్రీజు దట్టించవచ్చు. ఉక్కుపై గుంటలు గాని, నీలిరంగు గాని కనిపిస్తే రోలర్లను, బయటి వలయాన్ని జంటగానే మార్చాలి. నట్టును కాపాడే స్ప్లిట్ పిన్ను ఎప్పుడూ కొత్తదే వేయాలి; అమరకోశంలోని అణికి అది ఆధునిక వారసురాలు.

కొత్త కార్లలో చాలావాటికి మూసివేసిన బేరింగులుంటాయి. వాటికి గ్రీజు పెట్టే అవకాశం లేదు, మార్చవలసిందే. హబ్‌లో బిగించేటప్పుడు ప్రెస్సు ఒత్తిడి బయటి వలయంపైనే పడాలి. సుత్తితో లోపలి వలయాన్ని మోదితే ఆ దెబ్బ గుండ్ల ద్వారా పాకి, కొత్త బేరింగు ఒక్క చుట్టూ తిరగకముందే దానికి గుంటలు పెడుతుంది. కొన్నింటిలో ఏబీఎస్ సెన్సారుకు ఉపకరించే అయస్కాంత వలయం ఒక పక్కన ఉంటుంది; దానిని తిప్పి అమర్చితే హెచ్చరిక దీపం వెలుగుతుంది. నట్టును బిగించవలసిన కొలత కారు తయారీదారు పుస్తకంలో ఉంటుంది, చేతి అంచనా దానికి చాలదు.