లైఫ్ సర్టిఫికెట్ అడగని ప్రశ్న

ప్రతి నవంబరులోనూ మన శాఖలన్నింటిలో ఒకటే సందడి. పింఛనుదారులు ఉదయం పదింటికే వచ్చి బెంచీల మీద కూర్చుంటారు. లైఫ్ సర్టిఫికెట్ ఫారం నింపి, సంతకమో వేలిముద్రో వేసి, "ఇంకో ఏడాదికి బతికినట్టే" అని నవ్వుకుంటూ వెళ్తారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో అలాంటి ఫారాలు ఎన్ని తీసుకున్నానో లెక్కలేదు.

రెండేళ్ల క్రితం నవంబరులో మాత్రం ఒక ఫారం నేనే ఇంటికి పట్టుకెళ్లాను. అది మా నాన్నగారిది. ఆయన మన బ్యాంకులోనే హెడ్ క్యాషియర్‌గా పదవీ విరమణ చేశారు. అప్పటికి 76 ఏళ్లు. అమ్మ పోయి ఏడాదిన్నర. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకిందని, ఇక చేసే వైద్యం ఉపశమనం కోసమేనని డాక్టరు చెప్పి మూడు వారాలైంది.

నాన్నగారు ఫారం చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "బతికున్నానని సంతకం పెట్టడం ఎంతసేపు అమ్మాయ్! ఎందుకు బతికున్నావని అడిగితే మాత్రం రాయడానికి నా దగ్గర ఏమీ లేదు" అన్నారు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. "అలా అనకండి నాన్నా" అని వంటింట్లోకి వెళ్లిపోయాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్న మీదే పని చేసిన పరిశోధకులు ఉన్నారని తర్వాత చదివి తెలుసుకున్నాను. మన కుటుంబాల్లోనూ ఈ ప్రశ్న వినపడే ఇళ్లు ఉంటాయి కాబట్టి, తెలుసుకున్నదీ చేసి చూసిందీ ఇక్కడ రాస్తున్నాను.

వియన్నా వైద్యుడు

ఈ ఆలోచనకు మూలపురుషుడు విక్టర్ ఫ్రాంకెల్. 1905లో వియన్నాలో పుట్టిన యూదు మానసిక వైద్యుడు. 1942 సెప్టెంబరులో నాజీలు ఆయన్ని, భార్యను, తల్లిదండ్రులను తెరెజియన్‌స్టాట్ గెట్టోకు తరలించారు. తండ్రి అక్కడే చనిపోయారు. 1944లో ఫ్రాంకెల్‌ను ఆష్విట్జ్‌కూ, అక్కడి నుంచి వేరే శిబిరాలకూ పంపారు. తల్లిని ఆష్విట్జ్‌లో చంపేశారు. భార్య బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో పోయింది. 1945 ఏప్రిల్ 27న అమెరికా సైన్యం విడిపించేనాటికి ఆయన బతికున్నాడు. మరుసటి ఏడాది, 1946లో, తన అనుభవాలను పుస్తకంగా తెచ్చాడు.

ఆయన సిద్ధాంతం శిబిరంలోనే పుట్టిందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. యుద్ధానికి ముందే దాని రూపురేఖలు సిద్ధమయ్యాయి. కోటు లోపల దాచుకున్న ఆ రాతప్రతి ఆష్విట్జ్‌లో పోయింది. చివరి శిబిరంలో టైఫస్ జ్వరంతో ఉన్నప్పుడు దొరికిన చిత్తుకాగితాల మీద దాన్ని మళ్లీ గుర్తు చేసుకుని రాసుకున్నాడు. ఆ పని కూడా తనను బతికించిందని తర్వాత చెప్పుకున్నాడు.

ఆయన తన పద్ధతికి లోగోథెరపీ అని పేరు పెట్టాడు. మనిషిని నడిపించే ప్రధాన శక్తి సుఖమో అధికారమో కాదు, జీవితానికి అర్థం వెతుక్కోవడమే అన్నది దాని సారం. ఆ అర్థం దొరికే దారులు మూడని చెప్పాడు. ఒకటి, మనం చేసే పని, లోకానికి ఇచ్చేది. రెండు, మనం పొందేది: ప్రేమ, అందం, సంగీతం, ఒక మనిషి సాంగత్యం. మూడు, తప్పించుకోలేని కష్టం ఎదురైనప్పుడు దాని పట్ల మనం తీసుకునే వైఖరి.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాడు. తప్పించగలిగిన బాధను తప్పించాల్సిందే. మందుతో తగ్గే నొప్పిని ఓర్చుకోవడం గొప్పతనం కాదు.

ఆయన రాసిన మరో సంగతి మన ఉద్యోగులకు బాగా అర్థమవుతుంది. వారమంతా పనిలో మునిగిన మనిషికి ఆదివారం పని ఆగగానే లోపలి ఖాళీ కనిపించి దిగులు వేస్తుంది. దాన్ని ఆయన 'ఆదివారపు' రుగ్మత అన్నాడు. పదవీ విరమణ తర్వాత అన్నీ ఆదివారాలే కదా!

పుస్తకం నుంచి ఆసుపత్రికి

ఈ ఆలోచనను ఆసుపత్రిలో పరీక్షకు పెట్టినవారు న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రానికి చెందిన మానసిక వైద్యుడు విలియం బ్రైట్‌బార్ట్. ఆయన తల్లిదండ్రులు కూడా ఆ మారణహోమం నుంచి బయటపడినవారే. 2000లో ఆయన బృందం చివరి దశలో ఉన్న 92 మంది క్యాన్సర్ రోగులను పరిశీలించింది. వారిలో 17 శాతం మందిలో త్వరగా చావు రావాలన్న కోరిక బలంగా కనిపించింది. దాని వెనక ప్రధానంగా ఉన్నవి మానసిక కుంగుబాటు, నిరాశ. కుంగుబాటుకు మందులున్నాయి. 'ఇక దేనికి' అనే నిరాశకు ఏమివ్వాలి?

అలా రూపుదిద్దుకున్నదే అర్థ కేంద్రిత మనోచికిత్స. ఫ్రాంకెల్ చెప్పిన మూడు దారులకు బ్రైట్‌బార్ట్ నాలుగోది చేర్చారు: మన చరిత్ర. అంటే మనకు పెద్దల నుంచి వచ్చింది, మనం బతికింది, మనం వదిలి వెళ్లేది. బృందంగా చేస్తే ఎనిమిది వారాలు, వారానికి గంటన్నర. ఒక్కరికే చేస్తే ఏడు సమావేశాలు, ఒక్కోటి గంట. ప్రతి సమావేశంలో కొన్ని ప్రశ్నలుంటాయి. నేనెవరిని? జబ్బు వచ్చాక అందులో ఏం మారింది? నన్ను మలిచిన జ్ఞాపకాలేమిటి? మిగిలిపోయిన పని ఏదైనా ఉందా? ఏ క్షణాల్లో నాకు ప్రాణం లేచివస్తుంది?

ఫలితాలు ఎలా ఉన్నాయి? 2015లో ముదిరిన క్యాన్సర్ ఉన్న 253 మందితో చేసిన అధ్యయనం వెలువడింది. మామూలు ఓదార్పు బృందాల్లో ఉన్నవారికంటే ఈ చికిత్స పొందినవారిలో జీవన నాణ్యత మెరుగుపడింది. కుంగుబాటు, నిరాశ తగ్గాయి. ఆందోళన విషయంలో మాత్రం తేడా కనిపించలేదు. 2018లో 321 మందితో వ్యక్తిగత చికిత్సను పరీక్షించారు. అక్కడ కూడా మేలు కనిపించింది కానీ, మామూలు ఓదార్పు చికిత్సతో పోలిస్తే ఆధిక్యం కొన్ని అంశాలకే పరిమితమైంది. కాబట్టి ఇది అద్భుతమేమీ కాదు. క్యాన్సర్‌ను తగ్గించదు. మిగిలిన రోజుల్ని మనిషివిగా ఉంచడానికి సాయపడుతుంది.

మా ఇంట్లో జరిగింది

నేను చికిత్సకురాలిని కాను. మా నాన్నగారి డాక్టరును అడిగాను. "ప్రశ్నలు అడిగితే తప్పు లేదమ్మా, చెప్పాలనిపించకపోతే వదిలేయండి" అన్నారు. ఆదివారం మధ్యాహ్నాలు, నాన్నగారికి కాస్త ఓపిక ఉన్నప్పుడు, ఒక్కో ప్రశ్న అడగడం మొదలుపెట్టాను.

మొదటిది: "నేనెవరిని అంటే నాలుగు జవాబులు చెప్పండి నాన్నా."

"ఇదేం కేవైసీ?" అని విసుక్కున్నారు. కాసేపటికి చెప్పారు. "హెడ్ క్యాషియర్‌ని. మీ అమ్మ మొగుణ్ని. వేలితో తాకి దొంగనోటు చెప్పగలవాణ్ని. పొద్దున్నే ఇంటిల్లిపాదికీ కాఫీ కలిపేవాణ్ని."

"మరి ఇప్పుడు?"

"మొదటిది బ్యాంకు తీసుకుంది. రెండోది దేవుడు తీసుకున్నాడు. మూడోది కీమో తీసుకుంది. వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి, గుండీ కూడా పెట్టుకోలేకపోతున్నాను. నాలుగోది, గిన్నె ఎత్తే బలం లేదు."

అడగకుండా ఉండాల్సింది అనిపించింది. మా అబ్బాయి అక్కడే కూర్చుని వింటున్నాడు. ఇంటర్ రెండో సంవత్సరం. "తాతయ్యా, దొంగనోటు వేలితో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. నాన్నగారు వాణ్ని లోపలి నుంచి ఐదు వందల నోటు తెమ్మన్నారు. గాంధీ బొమ్మ మీద ఉబ్బెత్తు ముద్రణ ఎక్కడ తగులుతుందో, వాటర్‌మార్కు ఎలా చూడాలో, పచ్చటి దారం వంచితే నీలంగా ఎలా మారుతుందో చెప్పారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వాడి కళ్లు మూయించి, నోటు ఏదో తెల్లకాగితం ఏదో, ఏ నోటు ఎంతదో చెప్పించేవారు. కాఫీ కలపడం కూడా వాడికే నేర్పారు. డికాక్షన్ దిగే వాసన వస్తుంటే మంచం మీద నుంచే "ఇంకా ఆగు, ఇప్పుడే పాలు పొయ్యకు" అని కేకేసేవారు.

మిగిలిపోయిన పని

మూడో ఆదివారం, మిగిలిపోయిన పని ఏదైనా ఉందా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నాకెప్పుడూ తెలియని సంగతి చెప్పారు.

1984లో ఒక సాయంత్రం క్యాష్ టాలీ కాలేదు. 500 రూపాయలు తక్కువ. కొత్తగా చేరిన కుర్రాడి కౌంటరు లెక్కలో తేడా ఉందని తేలింది. అతను జేబులోంచి కట్టాడు. అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. వారం తర్వాత ఒక రైసుమిల్లు గుమాస్తా వచ్చి, తనకిచ్చిన కట్టల్లో ఐదు వంద నోట్లు ఎక్కువ వచ్చాయని నాన్నగారికి తిరిగిచ్చాడు. ఆ కుర్రాడి దగ్గర తీసుకున్న కట్టలను సరిగా లెక్కించకుండా గుమాస్తాకి ఇచ్చింది నాన్నగారే.

"డబ్బు వెంటనే ఇచ్చేశాను అమ్మాయ్. పొరపాటు నాదని మాత్రం నలుగురిలో చెప్పలేదు. హెడ్ క్యాషియర్‌ని కదా! వాడు ఆ మచ్చతోనే ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోయాడు."

పాత సహోద్యోగుల ద్వారా నెంబరు దొరకడానికి పది రోజులు పట్టింది. ఆయన కూడా రిటైరయి కాకినాడలో ఉంటున్నారు. నాన్నగారు ఫోన్ పట్టుకోలేకపోతే నేను స్పీకర్‌లో పెట్టాను. సంగతి చెప్పి, "తప్పు నాది. అప్పుడే చెప్పాల్సింది" అన్నారు.

అవతల కాసేపు నిశ్శబ్దం. "డబ్బు సంగతి నాకు గుర్తే లేదు సార్. ఆ వారం రోజులూ నన్ను ఎవరూ టీకి పిలవలేదు. అది మాత్రం మర్చిపోలేదు" అన్నారాయన. అందులో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు. "పర్వాలేదు" అని ఆయన అనలేదు. కానీ ఇరవై నిమిషాలు మాట్లాడారు. పెట్టేసే ముందు, "మీరు చెప్పారని మా ఆవిడకి చెబుతాను సార్, ఆమెకు తెలుసు ఆ సంగతి" అన్నారు.

నాన్నగారు ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. ఫ్రాంకెల్ చెప్పిన మూడో దారి, అంటే వైఖరి, నాకు పుస్తకంలో కంటే ఆ ఫోన్ కాల్‌లో బాగా అర్థమైంది. జరిగినదాన్ని ఆయన మార్చలేకపోయారు. దాని ముందు ఎలా నిలబడాలో మాత్రం 40 ఏళ్ల తర్వాతైనా ఎంచుకున్నారు.

ఆరోగ్యంగా ఉన్నవారి మాటేమిటి?

ఈ ప్రశ్న రోగులకే పరిమితం కాదు. జపాన్‌లో 'ఇకిగాయ్' అనే మాట ఉంది. బతకడానికి కారణం అని చెప్పుకోవచ్చు. అక్కడి ఒసాకి ప్రాంతంలో 40 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న 43,391 మందిని ఏడేళ్లు గమనించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఇకిగాయ్ ఉందని చెప్పినవారికంటే లేదన్నవారిలో మరణాలు ఎక్కువ. అమెరికాలోని షికాగోలో రష్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పరిశోధకులు తొమ్మిది వందల మందికి పైగా వృద్ధులను గమనించారు. జీవితలక్ష్యం బలంగా ఉన్నవారు, తక్కువగా ఉన్నవారికంటే, అల్జీమర్స్ బారిన పడకుండా ఉండే అవకాశం దాదాపు 2.4 రెట్లని 2010లో తెలిపారు.

అయితే వీటిని జాగ్రత్తగా చదవాలి. ఇవి గమనించి చెప్పినవి. లక్ష్యం ఉండటం వల్లే ఆరోగ్యం బాగుందా, ఆరోగ్యం బాగుంది కాబట్టి లక్ష్యం నిలిచిందా అన్నది వీటితోనే తేలదు. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా సంబంధం నిలిచిందన్నది మాత్రం ఆలోచించదగిన విషయం.

మన ఇళ్లలో ఏం చేయవచ్చు?

మొదటిది, రిటైర్మెంటుకు డబ్బు ప్రణాళిక వేసినట్టే, పనికీ వేసుకోవాలి. 'ఆ రోజు నుంచి నా కోసం ఎవరు ఎదురుచూస్తారు?' అన్నదానికి ఒక జవాబు ముందే ఉండాలి.

రెండోది, పెద్దవాళ్లను "ఎలా ఉన్నారు, మందులు వేసుకున్నారా" అనే అడుగుతాం. వారానికి ఒక్కసారైనా, వారికి తెలిసిన పని ఒకటి నేర్పమని అడగండి.

మూడోది, 'అలా అనకండి' అని నోరు మూయించకండి. నేను చేసిన మొదటి తప్పు అదే. విన్నాకే జవాబు దొరుకుతుంది.

నాలుగోది, అన్నింటికంటే ముఖ్యమైనది. ఇంట్లో ఎవరికైనా వారాల తరబడి నిద్ర, ఆకలి పోయినా, చనిపోవాలన్న మాటలు వస్తున్నా ఇంటి ప్రశ్నలతో ఆగకండి. మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నెంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

నాన్నగారు ఆ తర్వాత తొమ్మిది నెలలున్నారు. చివరి రెండు నెలలు చాలా కష్టపడ్డారు. ఏ ప్రశ్నా ఆ బాధను తగ్గించలేదు, మార్ఫిన్ తగ్గించింది. కానీ "నా దగ్గర రాయడానికి ఏమీ లేదు" అన్న మాట మళ్లీ ఆయన నోట వినలేదు.

ఈ నవంబరులో కూడా కౌంటరు ముందు బెంచీలు నిండాయి. ఫారం తీసుకుని, సంతకం సరిచూసి, ఇప్పుడు ఒక్క మాట ఎక్కువ అడుగుతున్నాను: "ఈ మధ్య ఏం చేస్తున్నారండీ?" లైను కాస్త నెమ్మదిస్తోంది. వెనక నిలబడ్డవారు మాత్రం విసుక్కోవడం లేదు. తమ వంతు వచ్చేసరికి ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటున్నట్టున్నారు.