అంగడి ముంగిట విద్యుచ్ఛక్తి

పాఠ్యభాగ పరిచయం

విద్యుత్ వాహనాలకు శక్తినందించే ఛార్జింగ్ కేంద్రాలు నేడు దుకాణాలలో, వాణిజ్య సముదాయాలలో వెలుస్తున్నాయి. ఈ ఏర్పాటు ఎందుకు అవసరమైంది, ఎక్కడ తడబడింది, ఎవరికి ఉపకరించాలి అన్న విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

పూర్వం సంతకు బండి కట్టుకుని వచ్చిన రైతు మొదట ఎడ్లను విప్పి, నీళ్లు పెట్టి, గడ్డి వేసేవాడు. బేరసారాలు ముగిసేసరికి ఎడ్లు సేదదీరి తిరుగు ప్రయాణానికి సిద్ధంగా ఉండేవి. వాటి మేతకోసం అతడు విడిగా సమయం వెచ్చించనక్కరలేకపోయేది. పెట్రోలు వాహనాలు వచ్చాక ఈ పద్ధతి మారింది. పెట్రోలు పోయించుకోవడానికి అయిదు నిమిషాలు చాలు కనుక బంకు వేరు, బజారు వేరు అయ్యాయి. విద్యుత్ వాహనం ఆ పాత పద్ధతిని మళ్లీ ముందుకు తెచ్చింది. దానికి కావలసినది కొంత ఎక్కువ సమయం. ఆ సమయం బజారులో సహజంగానే లభిస్తుంది.

ఈ విషయం లెక్కలతో మరింత స్పష్టమవుతుంది. ఇంటి కరెంటును కొలిచినట్లే వాహనంలోని బ్యాటరీ సామర్థ్యాన్ని కూడా యూనిట్లలో కొలుస్తారు. ఒక చిన్న కారులో 30 యూనిట్ల బ్యాటరీ ఉన్నదనుకుంటే, 3.3 కిలోవాట్ల సాధారణ ఛార్జరుతో అది నిండటానికి సుమారు 9 గంటలు పడుతుంది. 7.4 కిలోవాట్ల ఛార్జరుతో నాలుగు గంటలు దాటుతుంది. ఆ కారు ఒక్కొక్క యూనిట్‌తో 6 కిలోమీటర్లు నడిచేదైతే, యజమాని సినిమా చూసి సరకులు కొనుక్కునే మూడు గంటల్లో 7.4 కిలోవాట్ల ఛార్జరు దాదాపు 22 యూనిట్లు, అంటే 130 కిలోమీటర్ల ప్రయాణానికి సరిపడే శక్తిని అందిస్తుంది.

మన ఇళ్లకు వచ్చేది ఏకాంతర విద్యుత్తు. బ్యాటరీ నిలువచేసుకునేది ఏకముఖ విద్యుత్తు. సాధారణ ఛార్జరు వాడినప్పుడు ఈ మార్పిడి కారులోని చిన్న పరికరంలో జరుగుతుంది కనుక వేగం పరిమితం. వేగవంతమైన ఛార్జరులో మార్పిడి కేంద్రంలోని పెద్ద యంత్రంలోనే జరిగి, శక్తి నేరుగా బ్యాటరీకి చేరుతుంది. అందువల్ల కాలం ఆదా అవుతుంది కాని యంత్రం, ట్రాన్స్‌ఫార్మరు, కేబుళ్ల ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. హడావుడి ప్రయాణికులుండే రహదారికి వేగవంతమైన ఛార్జరు, నింపాదిగా గడిపేవారుండే బజారుకు సాధారణ ఛార్జరు తగినవని దీనివల్ల తెలుస్తుంది.

అంగడిలో ఛార్జింగ్ అన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు వాయు వనరుల మండలి 1990లో ఒక నిబంధన చేసింది. పెద్ద కంపెనీలు 1998 నాటికి తాము అమ్మే కార్లలో నూటికి రెండు పొగ వదలనివై ఉండాలన్నది దాని సారాంశం. 1996లో జనరల్ మోటార్స్ సంస్థ 'ఈవీ1' అనే విద్యుత్ కారును అద్దె పద్ధతిపై ఇవ్వసాగింది. ఆ దశకంలోనే కాస్ట్‌కో అనే పెద్ద దుకాణాల సంస్థ తన వాహన స్థలాలలో ఛార్జర్లను నెలకొల్పింది. కాని నిబంధన సడలింది. జనరల్ మోటార్స్ ఆ కార్లను వెనక్కి తీసుకుని అధికభాగాన్ని తుక్కు చేయించింది. దుకాణాల ముందు ఛార్జర్లు మిగిలాయి, కార్లు మాయమయ్యాయి. వాడేవారు లేరన్న కారణంతో కాస్ట్‌కో 2011లో వాటిని తొలగించసాగింది. అంతకు కొద్ది నెలల ముందే, 2010 డిసెంబరులో, నిస్సాన్ లీఫ్ వంటి కొత్త తరం విద్యుత్ కార్లు విపణిలోకి వచ్చాయి. అయితే పాత ఛార్జర్లలో ఎన్నో ఈ కార్లకు సరిపడేవి కావు. ప్లగ్గుల ఆకృతి అప్పటికే మారిపోయింది. వసతి కల్పించడంతో పని పూర్తికాదని, అందరికీ ఒకే ప్రమాణం, నిరంతర నిర్వహణ, నిలకడగల ప్రభుత్వ విధానం తోడు కావాలని ఈ చరిత్ర బోధిస్తుంది.

రెండవ దశ మరొక విధంగా మొదలయింది. డీజిల్ కార్ల కాలుష్య పరీక్షలలో మోసం జరిగినట్లు 2015లో బయటపడగా, ఫోక్స్‌వ్యాగన్ సంస్థ 2016 నాటి ఒప్పందం మేరకు పదేళ్లలో 200 కోట్ల డాలర్లను కాలుష్యరహిత వాహన వసతులకు వెచ్చించడానికి అంగీకరించింది. అందుకోసం ఏర్పడిన ఎలక్ట్రిఫై అమెరికా సంస్థ ఎన్నో వాల్‌మార్ట్ దుకాణాల వద్ద వేగవంతమైన ఛార్జర్లను స్థాపించింది. 2023లో వాల్‌మార్ట్ తానే సొంత ఛార్జింగ్ వ్యవస్థను నిర్మిస్తానని ప్రకటించింది. ఛార్జరు వద్ద ఆగిన వ్యక్తి దుకాణంలోకి కూడా వస్తాడన్నది వర్తకుల ఆలోచన.

భారతదేశంలో మొదట ఒక చట్టపరమైన చిక్కు తీరవలసివచ్చింది. 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు అమ్మడానికి లైసెన్సు కావాలి. ఛార్జింగ్ అనేది విద్యుత్ విక్రయం కాదని, అది ఒక సేవ మాత్రమేనని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. దానితో ఏ దుకాణదారుడైనా కేంద్రం నెలకొల్పే వీలు కలిగింది. 2019లో సవరించిన నమూనా భవన నిబంధనలు వాహన స్థలంలో 20 శాతాన్ని విద్యుత్ వాహనాలకు అనువుగా ఉంచాలని సూచించాయి. ఆంధ్రప్రదేశ్ 2018లో, తెలంగాణ 2020లో తమ విద్యుత్ వాహన విధానాలను ప్రకటించాయి.

అయితే అసలు ప్రశ్న యంత్రాలది కాదు, మనుషులది. సొంత ఇల్లు, వాకిలి ఉన్నవారు రాత్రివేళ ఇంటివద్దనే ఛార్జింగ్ చేసుకోగలరు. ఇరుకు సందులలో అద్దెకుండేవారికి ఆ వీలు లేదు. మనదేశంలో విద్యుత్ వాహనాలలో అధికభాగం ద్విచక్ర, త్రిచక్ర వాహనాలే. ఆటో నడిపేవారికి, ఇంటింటికీ సరకులు చేరవేసే యువకులకు బ్యాటరీయే జీవనాధారం. వాణిజ్య సముదాయంలోని ఛార్జర్లు కార్లకే పరిమితమై, ప్రవేశ రుసుము చెల్లించిన వారికే అందుబాటులో ఉంటే, అత్యవసరమైనవారే దూరమవుతారు. చాలా స్కూటర్లకు మామూలు ప్లగ్ పాయింటు చాలు. పెద్ద యంత్రం పెట్టలేని కిరాణా దుకాణం సైతం తగిన రక్షణతో ఆ సేవ అందించగలదు.

వినియోగదారుల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. ఛార్జింగ్ పూర్తయినా వాహనాన్ని తీయకపోవడం, ఆ చోట పెట్రోలు కారును నిలపడం తోటివారి హక్కును హరించడమే అవుతుంది.

మనదేశంలో విద్యుత్తు అధికభాగం నేటికీ బొగ్గు నుండే ఉత్పత్తి అవుతున్నది. కనుక వీధిలో పొగ తగ్గినంత మాత్రాన వాతావరణం పూర్తిగా శుభ్రపడదు. ఇక్కడ అంగడికి ఒక అనుకూలత ఉంది. సూర్యరశ్మి లభించేది పగలు, అంగడి తెరచి ఉండేదీ పగలు. దుకాణం పైకప్పు మీది సౌరఫలకాల శక్తిని కిందనున్న వాహనాలకు అందిస్తే వర్తకునికి లాభం, ప్రజలకు ఆరోగ్యం సమకూరుతాయి. వ్యాపారం లోకోపకారంగా మారడమంటే ఇదే.

కఠిన పదాలకు అర్థాలు

ముంగిట = ముందు, వాకిట
విపణి = అంగడి, మార్కెట్టు
దశకం = పదేళ్ల కాలం
రుసుము = చెల్లించవలసిన సొమ్ము

సంధులు

విద్యుచ్ఛక్తి = విద్యుత్ + శక్తి (శ్చుత్వ సంధి)
లోకోపకారం = లోక + ఉపకారం (గుణ సంధి)
జీవనాధారం = జీవన + ఆధారం (సవర్ణదీర్ఘ సంధి)

సందర్భసహిత వ్యాఖ్యలు

1. దుకాణాల ముందు ఛార్జర్లు మిగిలాయి, కార్లు మాయమయ్యాయి.
2. అసలు ప్రశ్న యంత్రాలది కాదు, మనుషులది.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. విద్యుత్ వాహనం పాత సంత పద్ధతిని ఎట్లా గుర్తుచేస్తుంది?
2. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన స్పష్టత ఎందుకు ముఖ్యమైనది?

వ్యాసరూప సమాధాన ప్రశ్న

1. కాలిఫోర్నియా అనుభవం నుండి మనదేశం నేర్చుకోవలసిన పాఠాలను వివరించండి.