టీకా వేసిన పశువుల్లో గాలికుంటు: వ్యాధినిరోధక శక్తి సన్నగిల్లే తీరు, క్షేత్రస్థాయి లెక్క

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులతో ఒక గ్రామంలో ఉన్న ఖరీఫ్ అది. దమ్ము పనులు మొదలైన వారానికే గాలికుంటు వ్యాధి కనిపించింది. గిట్టల మధ్య పుండ్లతో ఎడ్లు మడిలో దిగలేకపోయాయి. పాడి గేదెలు చొంగ కారుస్తూ మేత మానేశాయి. ఎడ్లనే నమ్ముకున్న చిన్న రైతులకు నాట్లు వెనుకబడ్డాయి. ఒక పెద్దాయన మా విద్యార్థిని నిలదీశారు: "టీకా వేయించాం గదా బాబూ, అయినా వచ్చింది. ఇంక వేయించడం దేనికి?" విద్యార్థి నా వైపు చూశాడు. నేను సస్యశాస్త్రం చెప్పేవాణ్ణి, పశువైద్యుణ్ణి కాను. ఆ పూట సరైన సమాధానం ఇవ్వలేకపోయాను. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే తరువాతి విడతలో ఆయన పశువులు టీకాకు రావు. ఆయనను చూసి పక్కవారివీ రావు.

పెద్దవయసు రైతుల మనసులో టీకా అంటే ముసర వ్యాధి టీకా. అది బలహీనపరచిన జీవ వైరస్‌తో చేసినది. పశువు శరీరంలో ఆ వైరస్ వృద్ధి చెందేది కనుక ఒక్క మోతాదుతోనే దాదాపు జీవితకాల రక్షణ లభించేది. ఆ టీకా బలంతోనే 2011లో ప్రపంచం ఆ వ్యాధి నుంచి విముక్తమైంది. గాలికుంటు టీకా అటువంటిది కాదు. వైరస్‌ను కణాలలో పెంచి, రసాయనంతో నిర్జీవం చేసి, సాధారణంగా నూనెతో కలిపి తయారుచేస్తారు. అది శరీరంలో పెరగదు. రెండు మూడు వారాలలో ప్రతిరక్షకాలు రక్షణ స్థాయికి చేరి, తరువాత క్రమంగా తగ్గుతాయి. అందుకే 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలోనూ ఆరు నెలలకొకసారి అనే నియమం పెట్టారు. విడత ఎనిమిది తొమ్మిది నెలలకు జారితే, ఆ మధ్యకాలంలో చెవికి ట్యాగు ఉన్నా చాలా పశువులకు చాలినంత రక్షణ ఉండదు.

దూడల విషయం మరింత సున్నితం. టీకా పొందిన తల్లి ముర్రుపాల ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు దూడను కాపాడతాయి. అవే, తొందరపడి వేసిన టీకాను పనిచేయనీయవు. కాబట్టి నాలుగో నెలలో మొదటి మోతాదు, నెల తరువాత బూస్టరు వేయాలి. ఆ బూస్టరు తప్పిన దూడలో రక్షణ త్వరగా కరిగిపోతుంది. క్షేత్రంలో ఎక్కువగా తప్పేది అదే.

టీకా వేసిన పశువుకు వ్యాధి వచ్చిందంటే కారణం ఒక్కటే కానవసరం లేదు. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచవలసిన టీకా ఎండలో వేడెక్కినా, ఐసుపెట్టెలో గడ్డకట్టినా పాడవుతుంది. అప్పుడు రక్షణ అసలు ఏర్పడదు. ఈ వైరస్‌లో ఏడు రకాలున్నాయి. మన టీకాలో ఓ, ఏ, ఆసియా-1 ఉంటాయి. ఒక రకంపై వచ్చిన రక్షణ మరొకదానిపై పనిచేయదు, ఒకే రకంలోనూ వైరస్ మారుతూ ఉంటుంది. టీకా వేసేనాటికే వైరస్ సోకి, లక్షణాలు బయటపడని పశువులూ ఉంటాయి. రెండు వారాలలోపు కనిపించిన జబ్బును టీకా ఖాతాలో వేయడం అన్యాయం. రక్షణ ఏర్పడి, కాలక్రమంలో సన్నగిల్లడం వీటన్నిటికీ భిన్నమైన విషయం.

దీన్ని విడదీయడానికి ప్రయోగశాల కంటే ముందు పలక, బలపం చాలు. లెక్క కోసం ఊళ్లో 100 పశువులున్నాయనుకుందాం. 90కి టీకా వేశారు, 10కి వేయలేదు. జబ్బుపడినవి 26. వాటిలో టీకా వేసినవి 18, వేయనివి 8. "జబ్బుపడినవాటిలో మూడింట రెండు వంతులు టీకా వేసినవే" అని ఊరంతా అంటుంది. మాట అబద్ధం కాదు. కానీ టీకా లేని పదింటిలో ఎనిమిది, అంటే 80 శాతం జబ్బుపడ్డాయి. టీకా వేసినవాటిలో 20 శాతమే. ఇక్కడితో ఆగకూడదు. ఆ 90లో నాలుగు నెలలలోపు టీకా పొందినవి 60, వాటిలో జబ్బుపడినవి 6 అనుకోండి. ఏడు నెలలు దాటినవి 30, జబ్బుపడినవి 12. మొదటి గుంపులో 10 శాతం, రెండవ గుంపులో 40 శాతం. అంటే ఈ ఊళ్లో ముందుగా అనుమానించవలసింది టీకాను కాదు, విడతల మధ్య జాప్యాన్ని. రెండు గుంపుల్లోనూ జబ్బు ఒకే స్థాయిలో, ఎక్కువగా ఉండి ఉంటే కోల్డ్ చైన్‌ను, వైరస్ రకాన్ని ముందుగా పరిశీలించాలి.

ఒక హెచ్చరిక. విడత తప్పిన పశువులు తరచుగా దూడలో, చూడి పశువులో, అడవి మేతకు వెళ్లినవో అయి ఉంటాయి. పాలు తగ్గుతాయని సంకరజాతి ఆవులను దాచే రైతులూ ఉన్నారు. కనుక వయసు, జాతి, మేత తీరు ఒకటిగా ఉన్నవాటినే పోల్చాలి. పైలెక్కను యథాతథంగా పరిశోధనా వ్యాసంలో పెట్టే విద్యార్థులను చూశాను. అది తొందరపాటు.

టీకా వ్యాధిని ఆపినంత గట్టిగా వైరస్ సోకడాన్ని ఆపలేదు. పైకి ఆరోగ్యంగా కనిపించే పశువు గొంతులో వైరస్ 28 రోజులకు మించి కూడా నిలవవచ్చు. శుద్ధి చేసిన టీకా పొందిన పశువుల్లో నిజంగా వైరస్ సోకిందా అని తేల్చడానికి, వైరస్ వృద్ధి చెందేటప్పుడు తయారయ్యే నిర్మాణేతర ప్రోటీన్లపై ప్రతిరక్షకాలను పరీక్షిస్తారు. రైతుకు ఇంత వివరం అక్కరలేదు. జబ్బుపడిన పశువును వేరుగా కట్టడం, సంత నుంచి తెచ్చినదాన్ని మూడు వారాలు మందలో కలపకపోవడం టీకా వేసిన ఇంట్లోనూ తప్పవని చెబితే చాలు. ఈ మాట టీకా వేసే రోజే చెప్పాలి. జబ్బు వచ్చాక చెబితే సాకులా వినిపిస్తుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు సాధారణంగా పంటల క్యాలెండరును ఒక గోడకు, టీకాల క్యాలెండరును మరో కార్యాలయంలో తగిలిస్తారు. రక్షణకు రెండు మూడు వారాలు పడుతుంది కనుక, ఖరీఫ్ ముందు విడత దమ్ముకు కనీసం మూడు వారాల ముందే ముగియాలి. ఈ కారణంగా మా విద్యార్థుల గ్రామ సర్వే పత్రంలో "టీకా వేశారా?" అన్న గడిని తీసివేసి మూడు గడులు పెట్టాం: చివరి టీకా తేదీ, అది ఎన్నో మోతాదు, జబ్బు కనిపించిన తేదీ.